తుపాకులు తీసేసి కెమెరాలు పెట్టిన వూడూ జెట్: అసలు ఎందుకు?

కొలంబస్ శ్రీధర్:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చి కొన్నాళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. ఆయనకు విమానాలంటే ప్రాణం. అందుకని ఇక్కడికి దగ్గర్లో డేటన్‌లో ఉన్న అమెరికా ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడ ఆర్ఎఫ్-101సీ వూడూ అనే పాత జెట్ ఒకటి ఉంది. చూడ్డానికి అచ్చం ఫైటరే. పొడవు 21 మీటర్ల పైనే, రెండు ఇంజిన్లు, తోక పైభాగాన అడ్డరెక్క. ముక్కు మాత్రం పొడుగ్గా ఉండి, దాని కింద, పక్కల చదునైన గాజు కిటికీలు ఉన్నాయి. 1962లో సోవియట్ యూనియన్ క్యూబా దీవిలో అణు క్షిపణులు పెట్టడంతో వచ్చిన సంక్షోభం అప్పుడు తక్కువ ఎత్తులో ఎగిరి ఫోటోలు తీసిన విమానం ఇదేనని అక్కడ రాసి ఉంది.

నాన్నగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఒరే, దీనికి తుపాకులేవిరా? శత్రువు మీదికి వట్టి చేతులతో పంపిస్తారా ఎవరైనా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఇంటికొచ్చి కొంత చదివాను గానీ సందేహాలు ఇంకా పెరిగాయి.

క్యూబాలో క్షిపణులున్నాయని కనిపెట్టింది యూ-2 అనే అమెరికా గూఢచారి విమానం అని అందరూ రాస్తారు. అది ఏ తుపాకీకీ అందనంత పైన ఎగురుతుంది కదా. అప్పటికే ఫోటోలు చేతికొచ్చాక మళ్లీ ఇంత పెద్ద ఫైటర్‌ని చెట్ల మీదుగా పంపాల్సిన పనేమిటి? ఇందులో ఒక్కడే పైలట్. విమానం నడుపుతూ, దారి చూసుకుంటూ, ఫోటోలు కూడా ఎలా తీసేవాడు? తెలిసినవాళ్లు వివరంగా చెబితే నాన్నగారికి చదివి వినిపిస్తాను.

విశాఖ వంశీ:

ఈ విమానం చరిత్ర కొంత నేను చెబుతాను శ్రీధర్ గారూ. కెమెరాల సంగతి మన స్టీరియో మాస్టారు వచ్చి చెబుతారు, ఆ పని చేసిన మనిషి ఆయనే.

వూడూ ఫోటోల కోసం పుట్టిన విమానం కాదు. సెయింట్ లూయీలోని మెక్‌డొనెల్ కంపెనీ 1948లో ఎక్స్ఎఫ్-88 అనే నమూనా ఎగరేసింది. బాంబర్ల వెంట చాలా దూరం వెళ్లి వాటికి కాపలా కాయాలన్నది ఉద్దేశం. డబ్బుల్లేక 1950లో అది ఆగిపోయింది. కొరియా యుద్ధంలో బాంబర్లకు దెబ్బలు తగిలాక పాత ఆలోచనను బయటికి తీసి, పెద్దది చేసి, ఎఫ్-101 అన్నారు. 1954 సెప్టెంబర్ 29న మొదటిసారి ఎగిరింది, ఆ మొదటి ఎగురులోనే ధ్వని వేగం దాటింది. అది తయారయ్యే నాటికి బాంబర్ల దళానికి కాపలా ఫైటర్ల అవసరమే లేకుండా పోయింది. అలా ఒక పనికి కట్టిన విమానం వేరే పనులకు వెళ్లింది. ఒక రకం అణుబాంబు మోసే ఫైటర్ బాంబర్ అయింది, ఇంకోటి శత్రు బాంబర్లను అడ్డుకునే రెండు సీట్ల ఇంటర్‌సెప్టర్ అయింది. ముక్కులోని ఫిరంగులు తీసేసి కెమెరాలు పెట్టినవి ఆర్ఎఫ్-101లు. ఆర్ఎఫ్-101ఏలు 35, ఆర్ఎఫ్-101సీలు 166 తయారయ్యాయి.

నా లెక్కలో వూడూ కుటుంబం మొత్తంలో పేరు నిలబెట్టింది ఈ ఫోటో వూడూలే. కాపలా ఫైటర్ కోసం అడిగిన గుణాలు రెండు: చాలా ఇంధనం, చాలా వేగం. ఫోటోల విమానానికి కావలసినవి కూడా సరిగ్గా అవే. ఆఫ్టర్‌బర్నర్ వేస్తే, అంటే ఇంజిన్ వెనక భాగంలో అదనంగా ఇంధనం మండిస్తే, ఒక్కొక్కటి దాదాపు 15,000 పౌండ్ల థ్రస్ట్ (ముందుకు నెట్టే బలం) ఇచ్చే జే57 ఇంజిన్లు రెండు. 1957 నవంబర్ 27న 'ఆపరేషన్ సన్ రన్' అని ఒక రికార్డు ప్రయత్నం చేశారు. దారిలో గాల్లోనే ఇంధనం నింపుకుంటూ లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వెళ్లి, తిరిగి లాస్ ఏంజెలెస్ రావడానికి ఆర్ఎఫ్-101సీకి పట్టింది 6 గంటల 46 నిమిషాలు. అప్పటికి ఈ విమానం దళంలో చేరి ఎన్నో నెలలు కాలేదు.

దీనికొక చెడ్డ గుణం కూడా ఉంది. ముక్కు మరీ పైకెత్తితే ఆ ఎత్తైన తోక రెక్క చెదిరిన గాలిలో పడి పట్టు కోల్పోతుంది. ముక్కు దానంతటదే ఇంకా పైకి లేచిపోయి విమానం గిరికీలు కొడుతుంది. పిచ్-అప్ అంటారు. తక్కువ ఎత్తులో అలా జరిగితే పైలట్‌కి కోలుకునే జాగా ఉండదు. అందుకే దీన్ని నడిపినవాళ్లు మలుపుల్లో చాలా జాగ్రత్తగా ఉండేవారు.

స్టీరియో మాస్టారు (హైదరాబాద్):

శ్రీధర్ గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన సరైన చోటే పట్టుకున్నారు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ విమానం మీంచి తీసిన ఫోటోలు చదవడమే నా పని. మావి సైన్యం ఫోటోలు కావు. చెరువులు, కాలవలు, అడవి అంచులు, ఊళ్ల విస్తీర్ణం. కానీ లెన్సు, ఫిల్ము, ఎత్తు, నీడ అనే దగ్గర ఆ పనికీ మా పనికీ లెక్క ఒకటే. కాబట్టి విమానం వైపు నుంచి కాకుండా ఫిల్ము వైపు నుంచి చెబుతాను.

యూ-2 దాదాపు 70,000 అడుగుల ఎత్తున ఎగిరేది. అందులోని కెమెరా లెన్సు ఫోకల్ లెంగ్త్ 36 అంగుళాలు, అంటే మూడు అడుగులు. ఎత్తుని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఫోటో స్కేలు వస్తుంది. 70,000ని 3తో భాగించండి, ఇరవై మూడు వేల పైచిలుకు. నేల మీద 20 మీటర్ల పొడవున్న వస్తువు ఫిల్ము మీద ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. 1962 అక్టోబర్ 14న మేజర్ రిచర్డ్ హేజర్ పశ్చిమ క్యూబా మీదుగా ఎగిరి తెచ్చిన ఫిల్ములో సోవియట్ ఆర్-12 క్షిపణుల ఆనవాళ్లు అంత చిన్నగా ఉన్నాయి. వాషింగ్టన్‌లో ఆర్థర్ లండాల్ నడిపిన ఫోటో కేంద్రంలో మర్నాడు వాటిని లైట్ టేబుల్ మీద పరిచి, కొలిచి, మాస్కో కవాతుల్లో కనిపించిన క్షిపణుల కొలతలతో సరిచూశారు. 16వ తేదీ పొద్దున అమెరికా అధ్యక్షుడు కెనెడీకి కబురు వెళ్లింది. ఆ పనిలో కూర్చున్నవాళ్లంటే నాకెంత గౌరవమో మాటల్లో చెప్పలేను. మిల్లీమీటరులో మూడో వంతు తప్పుగా కొలిస్తే ఏ క్షిపణో కూడా మారిపోతుంది.

ఇంతవరకు యూ-2 పని. 'అక్కడ క్షిపణులున్నాయా' అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పింది. ఆ తరవాత కెనెడీ ముందున్న ప్రశ్న వేరు. అవి ఎప్పటికి పేల్చడానికి సిద్ధమవుతాయి? రేపా, వారానికా? ఇంధనం బండ్లు వచ్చాయా? కేబుళ్లు పరిచారా? చుట్టూ విమాన విధ్వంసక తుపాకులు ఎన్ని, ఎటు తిప్పి ఉన్నాయి? ఇవన్నీ మీటరు, అర మీటరు సైజు విషయాలు. 70,000 అడుగుల మీంచి ఇవి తేలవు.

అందుకని అక్టోబర్ 23న తక్కువ ఎత్తు విమానాలు బయల్దేరాయి. మొదట వెళ్లినవి నౌకాదళం వాళ్ల ఆర్ఎఫ్-8 క్రూసేడర్లు. ఫ్లోరిడా కొసన ఉన్న కీ వెస్ట్ నుంచి కమాండర్ విలియం ఎకర్ నాయకత్వంలో వెళ్లాయి. తరవాత రోజుల్లో మీరు చూసిన వూడూలు కలిశాయి. వాటి సొంత చోటు దక్షిణ కరోలినాలోని షా స్థావరం, అక్కడి నుంచి ఫ్లోరిడాలోని మెక్‌డిల్‌కి వచ్చి ఎగిరాయి.

ఇప్పుడు అదే లెక్క మళ్లీ వేయండి. ఎత్తు 500 అడుగులు, లెన్సు 6 అంగుళాలు అనుకుందాం. స్కేలు వెయ్యికి ఒకటి. ఇందాక మిల్లీమీటరు కూడా లేని 20 మీటర్ల వస్తువు ఇప్పుడు ఫిల్ము మీద రెండు సెంటీమీటర్లు. బండి చక్రాలు లెక్కపెట్టొచ్చు, గుడారం తాళ్లు కనిపిస్తాయి, తలెత్తి చూస్తున్న మనుషులు కనిపిస్తారు. పక్కకి చూసే కెమెరాలైతే వస్తువు పైకప్పే కాకుండా దాని పక్క గోడ, తలుపు, ఎత్తు కూడా చూపిస్తాయి. పైనుంచి చూస్తే వట్టి డబ్బాలా ఉన్నది పక్కనుంచి చూస్తే లాంచర్ అని తేలుతుంది. 25వ తేదీ తక్కువ ఎత్తు ఫోటోల్లోనే లూనా అనే చిన్న రాకెట్ లాంచర్ బయటపడింది. అది యుద్ధరంగంలో వాడే ఆయుధం, అణు వార్‌హెడ్ కూడా మోయగలది. దీవి మీద సైన్యాన్ని దింపాలని ఆలోచిస్తున్నవాళ్లకి ఈ ఒక్క ఫోటో ఎంత ముఖ్యమో ఊహించుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది, మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. రైలు కిటికీలోంచి ఫోటో తీస్తే దూరంగా ఉన్న కొండ బాగానే వస్తుంది, పట్టాల పక్క కంకర మాత్రం గీతలు గీతలుగా సాగిపోతుంది. గంటకు 600 మైళ్లంటే సెకనుకు 880 అడుగులు. 500 అడుగుల ఎత్తు నుంచి, ఇందాకటి 6 అంగుళాల లెన్సుతో చూస్తే నేల బొమ్మ ఫిల్ము మీద సెకనుకు దాదాపు 27 సెంటీమీటర్ల వేగంతో జారిపోతూ ఉంటుంది. షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరిచినా పావు మిల్లీమీటరు అలుక్కుపోతుంది. వెయ్యికి ఒకటి స్కేలులో అది నేల మీద పావు మీటరు. అందుకే షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ ఫిల్ముని కూడా అదే వేగంతో, అదే దిక్కుకి జరుపుతారు. బొమ్మ, ఫిల్ము కలిసి కదులుతాయి కాబట్టి అలుకు పడదు. ఆ జరిపే వేగం విమానం వేగం మీద, ఎత్తు మీద ఆధారపడుతుంది. పైలట్ అనుకున్న వేగం, అనుకున్న ఎత్తు తప్పితే ఫోటో పాడవుతుంది.

ఇంకోటి. ఎత్తుపల్లాలు తెలియాలంటే ఒకే చోటు రెండు ఫోటోల్లో రెండు కోణాల నుంచి పడాలి. ఒక ఫోటోలో ఉన్నదాంట్లో అరవై శాతం తరవాతి ఫోటోలో కూడా ఉండాలని మా పనిలో నియమం. ఆ రెంటినీ స్టీరియోస్కోప్ కింద పక్కపక్కన పెట్టి చూస్తే గుంట గుంటలా, గట్టు గట్టులా లేచి కనిపిస్తుంది. తొమ్మిది అంగుళాల ఫిల్ము, 6 అంగుళాల లెన్సు, 500 అడుగుల ఎత్తు అయితే ఒక్క ఫోటోలో 750 అడుగుల నేల పడుతుంది. అరవై శాతం మళ్లీ పడాలంటే ప్రతి 300 అడుగులకూ ఒక ఫోటో కావాలి. సెకనుకు 880 అడుగులు పోయే విమానంలో అంటే సెకనుకు మూడు ఫోటోలు. అంత జోరుగా తిరగడం పెద్ద ఫిల్ము కెమెరాలకు కష్టం. తరవాతి ఏళ్లలో కొన్ని వూడూలకు తక్కువ ఎత్తు పనికి తగ్గ కొత్త కెమెరాలు పెట్టారు.

కాబట్టి పైలట్ చేతిలో ఉన్నది షట్టర్ నొక్కడం కాదు. కెమెరాలను ముందే స్విచ్‌లతో సరిచేసి, లక్ష్యం ముందు ఆన్ చేసి, దాటాక ఆపుతాడు. మధ్యలో ఆ కొన్ని క్షణాలు రెక్కలు ఏమాత్రం వాలకుండా, వేగం మారకుండా, తిన్నగా పోవాలి. కింద తుపాకీ దగ్గరున్నవాడికి కావలసింది కూడా అదే, తిన్నగా పోయే విమానం. అది తెలిసీ మెలికలు తిరగకుండా పోవడమే ఆ పైలట్ల పని. తుపాకులు ఎందుకు లేవంటే, ముక్కులో చోటు ఒక్కటే. అందులో ముందుకి చూసే కెమెరా, కిందికి చూసేది, ఎడమ కుడి పక్కలకి చూసేవి పట్టాలి. కాక్‌పిట్ వెనక 36 అంగుళాల లెన్సులవి ఇంకో రెండు ఉంటాయి, ఎక్కువ ఎత్తు నుంచి తీయడానికి. మళ్లీ వెళ్తే ముక్కు దగ్గరే ఆగిపోకుండా ఆ భాగం కింద కూడా చూడండి.

క్యూబా విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫోటో ఒకటుంది. నవంబర్ 6న కాసిల్డా రేవులో వూడూ తీసింది. సోవియట్ మనుషులు క్షిపణి బండ్లను ఓడ దగ్గరికి చేర్చి ఎక్కిస్తున్నారు. ఫోటో కింద కుడివైపు మూల ఆ వూడూ నీడే నేల మీద పడి ఉంది. అక్టోబర్ 28న సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ క్షిపణులు వెనక్కి తీసుకుంటానని ఒప్పుకున్నాడు సరే, కానీ దీవి మీద తనిఖీకి ఎవరినీ క్యూబా నాయకుడు కాస్ట్రో రానివ్వలేదు. క్షిపణులు నిజంగా వెళ్లిపోతున్నాయా లేదా అని తేల్చుకోవడానికి మిగిలినవి రెండే దారులు. దీవి మీద ఫోటోలు, సముద్రంలో ఓడల పక్కగా వెళ్లి చూడడం. ఆ ఫోటోలో బండ్ల పొడవు కొలవొచ్చు, నీడల్ని బట్టి ఎత్తు కొలవొచ్చు, మాటల మీద ఆధారపడక్కర్లేదు. రెండు దేశాలు ఒకరినొకరు నమ్మని చోట ఒక ఒప్పందం నిలబడడానికి ఆ ఫిల్ము సాక్ష్యం పనికొచ్చింది. ఈ విమానాల గురించి ఎవరు అడిగినా ముందు ఆ ఫోటో చూడమంటాను.

కొలంబస్ శ్రీధర్:

మాస్టారూ, మీ జవాబు నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. లెక్కలు వచ్చినచోట ఆయనే కాగితం తెచ్చుకుని వేసి చూసుకున్నారు. ఆయన ఇంకోటి అడగమన్నారు. క్యూబా కొన్ని వారాల్లో ముగిసిపోయింది. నిజమైన యుద్ధంలో ఇలా తిన్నగా ఎగిరిన విమానాలు బతికాయా?

మాధవి (గుంటూరు):

దీనికి నేను చెబుతాను, వియత్నాం యుద్ధం గురించి చాలా ఏళ్లుగా చదువుతున్నాను.

1961 అక్టోబర్‌లోనే కొన్ని ఆర్ఎఫ్-101సీలు సైగాన్ దగ్గర టాన్ సన్ న్యుట్‌కి వచ్చాయి. నవంబర్‌లో బ్యాంకాక్‌లోని డాన్ మువాంగ్‌లో ఇంకో బృందం దిగింది. అమెరికా బాంబులు వేయడం మొదలుపెట్టడానికి ఏళ్ల ముందే ఫోటోలు తీయడం మొదలుపెట్టిందన్నమాట. 1965 నుంచి ఉత్తర వియత్నాం మీద పెద్ద ఎత్తున బాంబింగ్ జరిగినప్పుడు వీటి పని రెండింతలైంది. బాంబింగ్‌కి ముందు వెళ్లి లక్ష్యం ఫోటో తేవాలి, అయిపోయాక మళ్లీ వెళ్లి ఏం కూలిందో ఫోటో తేవాలి.

రెండోసారి వెళ్లడం గురించి ఆలోచించండి. బాంబర్లు వచ్చి పోయాయి. కింద ప్రతి తుపాకీ దగ్గరా మనిషి ఉన్నాడు, తుపాకులు నిండి ఉన్నాయి. పొగ తగ్గాక కెమెరా విమానం వస్తుందని వాళ్లందరికీ తెలుసు, ఎటునుంచి వస్తుందో కూడా చాలాసార్లు తెలుసు. అందులోకి ఆయుధం లేని విమానం వెళ్లాలి. 'ఒంటరిగా, నిరాయుధంగా, నిర్భయంగా' అని ఆ పైలట్లు తమ గురించి చెప్పుకునేవారు. మొదటి రెండూ అక్షరాలా నిజం. మూడోది ఎవరికి వాళ్లకే తెలియాలి.

వేగమే వాళ్ల కవచం. తక్కువ ఎత్తులో ఆఫ్టర్‌బర్నర్ వేసిన వూడూని ఉత్తర వియత్నాం మిగ్-17 ఫైటర్ వెనక నుంచి తరిమి పట్టుకోవడం కష్టం. కానీ పరిస్థితి మారుతూ పోయింది. తక్కువ ఎత్తులో తుపాకులు, పైకి వెళ్తే క్షిపణులు, ఆ తరవాత మిగ్-21లు. వియత్నాం యుద్ధంలో ఆర్ఎఫ్-101సీలు దాదాపు 35,000 సార్టీలు (ఒక్కో విమానం ఒక్కోసారి వెళ్లి రావడం) ఎగిరాయి. పోయినవి 39, అందులో శత్రువు వల్ల పోయినవి 33. అయిదు నేల నుంచి వచ్చిన క్షిపణులకు, ఒకటి 1967 సెప్టెంబర్‌లో మిగ్-21కి పోయాయి. మిగతావాటిలో ఎక్కువ భాగం తుపాకులకే. ఆ 1967 తరవాత ఉత్తరం వైపు పనిని కొత్తగా వచ్చిన ఆర్ఎఫ్-4సీ ఫాంటమ్‌లకు అప్పగించారు. 1970 నవంబర్‌లో ఆఖరి వూడూలు వియత్నాం వదిలి వెళ్లాయి.

శాతాల్లో చూస్తే నష్టం తక్కువే అనిపిస్తుంది. తయారైనవే 166 అని వంశీ గారు చెప్పారు కదా, ఆ సంఖ్య పక్కన 39 పెట్టి చూడండి.

తైవాన్ కథ కూడా చెప్పాలి, దాన్ని అందరూ మర్చిపోతారు. 1959లో తైవాన్‌కి కొన్ని ఆర్ఎఫ్-101ఏలు ఇచ్చారు. వాళ్ల పైలట్లు వాటితో చైనా ప్రధాన భూభాగం మీదికి వెళ్లి ఫోటోలు తీశారు. కొన్ని అక్కడే కూలిపోయాయి. పారాచూట్‌తో దిగి చైనా చేతికి చిక్కి, ఏళ్ల తరబడి బందీలుగా ఉన్నవాళ్లున్నారు.

విశాఖ వంశీ:

మాధవి గారూ, చాలా బాగా చెప్పారు. నాదొక ప్రశ్న మాస్టారికి. మన దేశంలో ఈ పని ఎవరు చేశారు? కాన్‌బెరాలనే విన్నాను.

స్టీరియో మాస్టారు (హైదరాబాద్):

అవును వంశీ, కాన్‌బెరాలే. 1957లో మనం బ్రిటన్ నుంచి కొన్న కాన్‌బెరా బాంబర్లతోపాటు పీఆర్.57 అనే ఫోటోల రకం కొన్ని తీసుకున్నాం. అవి 106వ స్క్వాడ్రన్‌కి వెళ్లాయి, ఆగ్రాలో ఉండేవి. వూడూలాగా చెట్ల మీదుగా దూసుకుపోయే విమానం కాదది. ఎక్కువ ఎత్తులో, నిదానంగా, చాలా దూరం వెళ్తుంది. పైలట్, నావిగేటర్ ఇద్దరుంటారు. కానీ సాయం లేకుండా, ఆయుధం లేకుండా వెళ్లడం అక్కడా అంతే.

జగ్ మోహన్ నాథ్ గారి పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధ. 1960 నుంచి 62 వరకు ఆయన కాన్‌బెరాలో అక్సాయ్ చిన్, టిబెట్ మీదుగా ఎగిరి చైనా సైన్యం ఏం చేస్తోందో ఫోటోలు తీశారు. దానికి మహావీర చక్ర. 1965లో పాకిస్తాన్ లోపలికి పట్టపగలు, వెంట ఫైటర్లు లేకుండా వెళ్లి ఫోటోలు తెచ్చారు. దానికి రెండో మహావీర చక్ర. యుద్ధం లేని రోజుల్లో కూడా ఈ పనిలో ప్రమాదం ఎంతంటే, 1959 ఏప్రిల్‌లో మన కాన్‌బెరా ఒకదాన్ని పాకిస్తాన్ సేబర్ ఫైటర్లు రావల్పిండి వైపు కూల్చేశాయి. ఇద్దరూ ఎజెక్ట్ చేసి బతికారు. 1999 మే 21న కార్గిల్ దగ్గర ఫోటోలు తీస్తున్న కాన్‌బెరా ఇంజిన్‌కి భుజం మీంచి పేల్చే క్షిపణి తగిలింది. స్క్వాడ్రన్ లీడర్ పెరుమాళ్ దాన్ని మిగిలిన ఒక్క ఇంజిన్‌తో శ్రీనగర్‌లో దింపారు. అంటే తయారై నలభై ఏళ్లు దాటిన విమానం అది.

నాథ్ గారు పెద్ద వయసులో ఇచ్చిన ఇంటర్వ్యూల్లో ఒక మాట పదేపదే చెప్పారు. చైనావాళ్లు అక్కడ ఎంత సైన్యాన్ని దింపారో తన ఫోటోల్లో కనిపించింది, పైవాళ్లు దాన్ని పట్టించుకోలేదు అని. ఆ రోజుల్లో ఢిల్లీలో ఎవరు ఏ ఫోటో చూశారు, ఎవరు పక్కన పెట్టారు అన్నది చరిత్రకారులు తేల్చాలి. నేను ఫోటోలు చదివినవాణ్ణి కాబట్టి ఒకటి గట్టిగా అంటాను. విమానం దిగాక ఫిల్ము విప్పాలి, కడగాలి, ఆరబెట్టాలి, లైట్ టేబుల్ మీద పరిచి చదవాలి, కొలతలు వేయాలి, రిపోర్టు రాయాలి, అది నిర్ణయం తీసుకునే మనిషి బల్ల మీదికి చేరాలి. ఈ దారిలో ఎక్కడ ఆలస్యమైనా, ఎక్కడ ఆగిపోయినా పైలట్ పడ్డ ప్రమాదమంతా వృథా. క్యూబాలో ఫోటో తీసిన రెండో రోజుకి దేశాధ్యక్షుడు చూశాడు. వియత్నాంలో ఇది చాలా సమస్య అయింది. అడవిలో లారీల బారు ఫోటో తీసి, అది చదివి, బాంబర్లకి చెప్పేసరికి లారీలు అక్కడ ఉండేవి కావు. వంతెనలు, రైల్వే యార్డులు ఎక్కడికీ పోవు కాబట్టి వాటి విషయంలో ఫిల్ము బాగా పనికొచ్చింది. కదిలేవాటి విషయంలో ఓడిపోయింది. ఫోటోని గాల్లోంచే నేలకి పంపే పద్ధతులు, మనిషి లేని విమానాలు రావడానికి ముఖ్య కారణం ఈ ఆలస్యమే అని నా అభిప్రాయం.

మన కాన్‌బెరాలు 2007 మేలో ఆగ్రాలోనే రిటైరయ్యాయి. వాటిలో కొన్ని పీఆర్.57లు చివరి దాకా ఎగిరాయి.

కొలంబస్ శ్రీధర్:

మాస్టారూ, మాధవి గారూ, వంశీ గారూ, చాలా చాలా థ్యాంక్స్. నాన్నగారికి కార్గిల్ కాన్‌బెరా సంగతి అసలు తెలియదు, చాలాసేపు దాని గురించే మాట్లాడారు. కాసిల్డా ఫోటో కూడా నెట్‌లో దొరికింది, నీడ స్పష్టంగా ఉంది. చివరగా ఒక్కటి. వూడూ తరవాత వచ్చిన ఆర్ఎఫ్-4సీలో ఇద్దరున్నారు కదా, ఆ రెండో మనిషి ఏం చేసేవాడు?

విశాఖ వంశీ:

దారి చూడడం, రాడార్, కెమెరాలు చూసుకోవడం వెనక సీటువాడి పని. వూడూ పైలట్ ఒక్కడే చేసినదాన్ని ఇద్దరికి పంచారు. ఇంకో ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఆర్ఎఫ్-4సీలో కెమెరాలతోపాటు పక్కకి చూసే రాడార్, వేడిని పట్టే ఇన్‌ఫ్రారెడ్ పరికరం కూడా ఉన్నాయి. చీకట్లో ఆగి ఉన్న లారీ ఇంజిన్ వెచ్చగా ఉంటే అది ఫిల్ము మీద పడుతుంది. వూడూ ప్రధానంగా పగటి విమానం, రాత్రి పని దానికి అచ్చిరాలేదు. ఆర్ఎఫ్-4సీలు 1964 నుంచి వచ్చాయి, 1991 గల్ఫ్ యుద్ధంలో కూడా ఎగిరాయి, 1995లో నెవాడాలోని రీనోలో చివరివి రిటైరయ్యాయి. వూడూలు కూడా వియత్నాంతో అయిపోలేదు. మిసిసిపీ రాష్ట్రపు ఎయిర్ నేషనల్ గార్డ్ (రిజర్వు వాయుదళం) వాళ్లు 1979 దాకా నడిపారు.